చెఱువు వేటకు ముందు వలల సిద్ధపాటు

దుక్కికి ముందు నాగలికఱ్ఱును సరిచూచుకొనని రైతు మన గ్రామములలో నుండడు. తొలకరి వాన పడకమునుపే కఱ్ఱులు కమ్మరి కొలిమికి చేరును. మోకు పాతబడినచో క్రొత్తది పేనుకొందురు. విత్తనపు గింజలను నానబెట్టి మొలక చూతురు. ఇంతటి ముందుచూపు గల పల్లెలలోనే, చెఱువు వేటకు వలసిన వలల విషయమున మాత్రము ఆ జాగ్రత్త పలుచోట్ల కొఱవడుచున్నది. నీరు తగ్గి, వేటదినము నిర్ణయమై, బేరగాడు మంచుగడ్డల పెట్టెలతో కట్టమీదికి వచ్చిన తరువాత గాని వల మూట విప్పబడదు. విప్పి చూడగా ఎలుకలు కొఱికిన చిల్లులు, త్రెగిన త్రాళ్లు, రాలిపోయిన గుండ్లు కానవచ్చును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు, ఆనాడు క్రొత్త వలకై పరుగులిడుట తప్ప వేఱు దారి యుండదు. చేత సొమ్ము లేనివానికి ఆ వల ఇప్పించువాడు కట్టమీద నిలిచిన బేరగాడే.

అక్కడ జరుగునది ఒక వల కొనుగోలు మాత్రము కాదు. బయానా తీసికొన్నవాడు తాను పట్టిన చేపను ఆ బేరగానికే, ఆతడు చెప్పిన ధరకే, ఆతని త్రాసుతోనే తూచి యియ్యవలసివచ్చును. కావున ఈ వ్యాసమున చెప్పదలచినది ఒక్కటే. వేటకు రెండు నెలల ముందు వల సిద్ధపఱచుకొన్నవాడు తన చేపను తాను కోరినచోట అమ్ముకొనగలడు. సిద్ధపఱచుకొననివాడు చేపను పట్టకమునుపే దానిని అమ్ముకొన్నవాడగును.

మన సహకార సభ్యులలో చెఱువున చేపలు పట్టువారును, ఆ చెఱువు నీటితో వరి పండించువారును, రెండు పనులును చేయువారును కలరు. చెఱువు ఒక్కటే గనుక ఒకరి నష్టము రెండవవారికి తగులకపోదు. ఈ విషయము అందఱును తెలిసికొనదగినది.

మన చెఱువులు, వేటకాలము

కల్వకుర్తి పూర్వము మహబూబునగరము జిల్లాలో నుండి, 2016వ సంవత్సరమున నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. ఇది మెట్టప్రాంతము. వానలను, దుందుభి వంటి వాగులను నమ్ముకొన్న చెఱువులే మనకు ఆధారము. వానకాలమున చెఱువు నిండును. అప్పుడు చేపపిల్లలను వదలుదుము. ప్రభుత్వము వారు ఉచితముగా చేపపిల్లల నిచ్చు ఏర్పాటు తెలంగాణమున 2016లో ప్రారంభమైనది. వేసవి నాటికి ఎండిపోవు చెఱువులకు 35 మొదలు 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడవున నీరుండు పెద్ద చెఱువులకును జలాశయములకును 80 మొదలు 100 మిల్లీమీటర్ల పిల్లలను ఇచ్చుట ఆ ఏర్పాటులోని నియమము. ఇవి బొచ్చె, రవ్వ, మెరిగ, బంగారుతీగ మొదలగు జాతులు.

ఈ పిల్లలు శీతకాలమంతయు పెరిగి మాఘ ఫాల్గుణముల నాటికి అమ్మకమునకు వచ్చును. చైత్ర వైశాఖములలో నీరు తగ్గినకొలది వేట ముమ్మరమగును. జూన్ మొదటి వారము దాటగనే వచ్చు మృగశిర కార్తె నాడు మన ప్రాంతమున చేపకూర తినని ఇల్లు అరుదు. ఆనాటి గిరాకి మఱి యే దినమునను ఉండదు. అనగా వల సుమారు ఐదు నెలలు ఎడతెగక పనిచేయవలెను. ఇంత పనికి దానిని సిద్ధపఱచుటకు తగిన కాలము మార్గశిర పుష్యములు. అప్పటికి వానకాలపు వరికోతలు ముగిసి చేతులకు కొంత తీరిక యుండును.

మఱియొక మార్పును గమనింపవలెను. పూర్వము మన చెఱువులు వేసవిలో మోకాలిలోతునకు వచ్చెడివి. లాగుడు వల ఒక్కటి యున్న చాలెడిది. మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకము వలన కొల్లాపురము వైపు ఎల్లూరు వద్ద శ్రీశైలపు వెనుకనీటినుండి కృష్ణాజలము ఎత్తబడి కాలువలలోనికి వచ్చినది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద పలు చెఱువుల పూడిక తీయబడినది. కాలువ నీరందిన చెఱువులలోను, పూడిక తీసిన చెఱువులలోను వేసవియందును లోతు నిలుచును. లోతు పెరిగినచోట పాత కుఱచ వల అడుగు తాకదు. చేప దాని క్రిందుగా పోవును. కావున వల బాగుచేయుటకు ముందు చెఱువు లోతును త్రాటికి రాయి కట్టి నాలుగైదుచోట్ల కొలిచి వ్రాసికొనవలెను. వల ఎత్తు ఆ లోతునకు చాలునో లేదో అప్పుడే తెలియును.

దారము మాఱినది, జాగ్రత్తయు మాఱవలెను

మన తాతల కాలమున వలలు ప్రత్తినూలుతోను, జనపనారతోను అల్లబడెడివి. నూలునకు శత్రువు తడి. తడిసి ముద్దగా నున్న నూలువల కొలదిదినములలోనే కుళ్లును. అందుచేత వేట ముగియగనే దానిని ఎండలో పఱచుట, తంగేడుచెక్క, తుమ్మచెక్క కషాయములలో ఊరవేయుట ఆచారమయ్యెను. చెక్కలోని వగరు నూలును కుళ్లనీయదు. తోలు ఊనుటకు వాడు గుణమే ఇచటను పనికివచ్చినది.

నైలాను 1935లో అమెరికాదేశమున కనుగొనబడినది. మనదేశమున 1960 ప్రాంతము నుండి నైలాను వలలు వ్యాపించి, నూలువలలు క్రమముగా కనుమఱుగైనవి. వలల దారములను, ముళ్లను, అల్లికలను శాస్త్రీయముగా పరిశీలించుటకు కొచ్చిన్‌లో 1957లో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ స్థాపింపబడినది. నైలాను నీటిలో కుళ్లదు. కాని దానికి శత్రువు ఎండ. సూర్యకాంతిలోని కంటికి కనబడని కిరణములు దాని పోగులను లోలోపల త్రెంచివేయును. పైకి వల క్రొత్తదానివలెనే కనబడును. బరువైన చేప తగిలిననాడు పటుక్కున త్రెగును.

ఇక్కడనే మనవారికి తెలియకుండ నష్టము జరుగుచున్నది. దారము మాఱినను అలవాటు మాఱలేదు. తాతలు నూలువలను ఎండబెట్టిరి గనుక నేడు నైలాను వలను కూడ కట్టమీది తుమ్మచెట్లపై దినముల తరబడి పఱచి వదలుచున్నారు. నూలును కాపాడిన ఎండయే నైలానును చంపుచున్నది. నైలాను వలను నీడలో, గాలి తగులుచోట వ్రేలాడదీసి ఆఱబెట్టవలెను. చెట్టునీడ, పాక, వరండా ఏదియైనను చాలును.

కడుగుట, పరీక్షించుట, దాచుట

1. వలను మంచినీటిలో ముంచి బురద, నాచు, పొలుసులు, జిగురు పోవునట్లు కడుగవలెను. రాతిమీద బాదరాదు. చిక్కుకొన్న ముండ్లను, పుల్లలను చేతితో తీయవలెనే గాని లాగి త్రెంపరాదు.

2. నీడలో పూర్తిగా ఆఱిన తరువాత రెండు వెదురుగడల నడుమ సాగదీసి, ఒక కొసనుండి రెండవ కొసవఱకు కన్ను కన్నును చూడవలెను. చిల్లు కనబడినచోట రంగుగుడ్డపీలిక కట్టినచో తరువాత వెదకుకొను పని తప్పును.

3. దారపు బలమును పరీక్షించుటకు సులభమైన ఉపాయము కలదు. వల పైభాగమున, అనగా ఎండ ఎక్కువగా తగిలినచోట, ఒక దారమును రెండుచేతుల వ్రేళ్లతో పట్టి లాగిచూడవలెను. అట్లే మడతల లోపలనుండి ఒక దారమును లాగిచూడవలెను. లోపలిది నిలిచి పైది సులభముగా త్రెగినచో ఆ భాగమును ఎండ తిన్నదని తెలిసికొనవలెను. ఈ పరీక్ష తడిదారముతో చేయుట మేలు. నూలు తడిసినచో బలము పెరుగును గాని, నైలాను తడిసినచో కొంత బలము తఱుగును. వేట జరుగునది నీటిలోనే కదా.

4. దారము చచ్చిన వలకు అతుకువేయుట వృథాశ్రమ. అతుకు నిలుచును, దాని ప్రక్కది చినుగును. అట్టి వలనుండి మంచిభాగములను కత్తిరించి వేఱు వలకు అతుకులుగా వాడుకొనవలెను. పనికిరాని తుంటలను చెఱువులో పాఱవేయరాదు. కుళ్లని దారమగుటచే అవి ఏండ్లతరబడి నీటిలో నిలిచి చేపలను, పక్షులను, ఒక్కొక్కప్పుడు దిగిన పశువుల కాళ్లను పట్టుచుండును.

5. దాచునప్పుడు నేలమీద పడవేయక, దూలమునకు వ్రేలాడదీయవలెను. చేపవాసనకు ఎలుకలు వచ్చును; శుభ్రముగా కడిగిన వలకు రావడము తక్కువ. ఎరువుల బస్తాలు, పురుగుమందులు, బ్యాటరీలు ఉన్న కొట్టులో వల ఉంచరాదు. బ్యాటరీలోని ఆమ్లము ఒక్క చుక్క పడినను నైలాను కరగిపోవును. పొయ్యికిని బీడీనిప్పునకును దూరముగా నుంచవలెను.

6. ఒక చెఱువులో వాడిన తడివలను నేరుగా మఱియొక చెఱువులో దింపరాదు. బురదతోను తడితోను నాచుముక్కలు, చేపల రోగములు కూడ ప్రయాణము చేయును. 1988లో మనదేశమున ప్రవేశించిన పుండ్లరోగము కొఱ్ఱమట్ట మొదలగు జాతులకు తెచ్చిన నష్టము పెద్దలు ఎఱుగుదురు. కడిగి పూర్తిగా ఆఱబెట్టిన తరువాతనే రెండవ చెఱువునకు కొనిపోవలెను.

చిల్లులు అల్లుట

చిల్లు పడినచోట దారపుకొసలు చిందరవందరగా నుండును. దానిని ఉన్నదున్నట్లు దగ్గఱకు లాగి ముడివేయుట తొందరపాటు. అట్లు చేసినచోట వల ముడుచుకొని, లాగునప్పుడు బరువంతయు ఆ ముడిమీదనే పడి, మఱల అక్కడనే చినుగును. సరియైన పద్ధతియందు మొదట కత్తెరతో చిల్లును కొంచెము పెద్దది చేయవలెను.

వలలో ప్రతి ముడినుండియు నాలుగు దారములు బయలుదేరును. చిల్లు పైకొనయందు ఒక ముడికి మూడు దారములు మిగులవలెను. అడుగుకొనయందు మఱియొక ముడికి మూడు మిగులవలెను. చుట్టునున్న తక్కిన ముళ్లకెల్ల రెండేసి మిగులవలెను. ఇట్లు కత్తిరించి, పైనున్న మూడుదారముల ముడివద్ద అల్లిక ఆరంభించినచో, ఎడమకును కుడికిని వరుసలు తిరుగుచు వచ్చి అడుగునున్న మూడుదారముల ముడివద్ద సరిగా ముగియును. నడుమ ఎక్కడను దారము త్రెంపవలసిన పనిలేదు. చివర దారము మిగిలినను, చాలకపోయినను కత్తిరింపులో ఎచ్చటనో తప్పున్నదని గ్రహింపవలెను.

అతుకుదారము పాతదారముతో సమానమైన లావు గలదై యుండవలెను. లావుదారముతో అతికినచో చేప దానిని దూరమునుండియే పసిగట్టును; ప్రక్కనున్న సన్నదారమునకు కోతయు పడును. ఒంటిపోగు నైలాను నునుపైనది గనుక మామూలు ముడి జాఱును. దానికి రెట్టింపు ముడి వేసి తడిపి బిగింపవలెను. ప్రతి కన్నును ఒకే కొలతకు వచ్చుటకు వెదురుతో చేసిన కొలతబద్దపై అల్లవలెను.

ఈ విద్య మన పల్లెలలో వృద్ధుల చేతులయందున్నది. క్రొత్త వలలు అంగడిలో అల్లినవే దొరకుచుండుటచే యువకులు నేర్చుకొనుట తగ్గినది. కొనుట తెలిసి అల్లుట తెలియనివాడు ప్రతి చిల్లునకును సొమ్ము చెల్లించుచునే యుండును. సంఘమువారు ఏడాదికి పదిదినములు వృద్ధులకు కూలి యిచ్చి యువకులచే ఈ పని నేర్పించినచో ఆ వ్యయము వ్యర్థము కాదు.

త్రాళ్లు, బెండ్లు, గుండ్లు

నిలువు వలకు పైత్రాడు, అడుగుత్రాడు అని రెండు త్రాళ్లుండును. పైదానికి తేలు బెండ్లు, క్రిందిదానికి మునుగు గుండ్లు కట్టుదురు. ఇవి సరిగా నున్నప్పుడే వల నీటిలో గోడవలె నిలుచును. వలను త్రాటికి కట్టునప్పుడు బిగువుగా సాగదీసి కట్టుట తప్పు. సాగదీసిన కొలతలో 100 మీటర్ల వలను సుమారు 50 మీటర్ల త్రాటికి కట్టవలెను. అప్పుడు వల వదులుగా వ్రేలాడును. చేప తగిలినప్పుడు చుట్టుకొనును. బిగువుగా కట్టినచో కన్ను మూసికొనిపోయి చేప తగిలి మఱలిపోవును. పాత వలలలో కట్టుదారములు త్రెగి వల అంతయు ఒకప్రక్కకు జరిగియుండును. వానిని విప్పి సమానదూరముతో మఱల కట్టవలెను.

పూర్వము జీలుగుబెండ్లు వాడెడివారు. నేటి ప్లాస్టిక్ బెండ్లలో పగుళ్లున్నవానిలో నీరు చేరును. చెవివద్ద ఊపిచూచిన తెలియును. థర్మాకోలు ముక్కలు చవుక గాని, పొడియై చెఱువంతయు నిండును. వానిని మానుట మంచిది.

గుండ్ల విషయమున ఒక హెచ్చరిక. సీసము విషలోహము. ఇంటి పొయ్యిమీద, వంటగిన్నెలో సీసము కరగించి గుండ్లు పోయు అలవాటు కొన్నిచోట్ల నున్నది. ఆ ఆవిరియు ధూళియు పిల్లల మెదడునకు హాని చేయును. ఆ హాని మఱల బాగుపడునది కాదు. గుండ్లు సిద్ధముగానున్నవి కొనవలెను. లేదా కాల్చిన మట్టిగుండ్లు వాడవలెను. సీసపు గుండ్లను పండ్లతో కొఱికి బిగింపరాదు. పని ముగిసిన తరువాత చేతులు కడుగుకొననిదే అన్నము ముట్టరాదు.

విసురువలకు చేతిత్రాడు ప్రాణము. దాని కొసను మణికట్టునకు ముడివేసికొనరాదు. లాగినంతనే ఊడివచ్చు ఉచ్చుగా మాత్రమే తగిలించుకొనవలెను. నీటిలో కాలు జాఱినప్పుడు బిగిసిన త్రాడు మనుష్యుని వలతోపాటు లోతునకు లాగును. వల పోయినచో మఱియొకటి వచ్చును.

పుట్టిని ఆశ్రయించువారు వెదురుబద్దలు చీలినవేమో, తారుపూత లేచినదేమో చూచి, క్రొత్తపూత పూసి ఆఱనిచ్చి, మొలలోతు నీటిలో ఒక గంటసేపు నిలిపి పరీక్షింపవలెను. ప్రతి పుట్టియందును నీరు తోడు డబ్బా, పొడవైన త్రాడు, ప్రాణరక్షణపు చొక్కా ఉండవలెను. చెఱువులు లోతైన ఈ కాలమున ఈతవచ్చునను ధైర్యము ఒక్కటే చాలదు.

కంటి కొలత: వచ్చు ఏటి పంట

వల ఎంత బాగుగా నున్నను కన్ను తప్పైనచో అది చెఱువునకు శత్రువగును. కన్నును కొలుచు విధము తెలిసికొనవలెను. ఒక కన్నును నిలువున సాగదీసి, ఒక ముడినుండి ఎదుటిముడి వఱకు కొలిచినది దాని కొలత. ఆ కన్ను తెఱచుకొన్నప్పుడు దాని చుట్టుకొలత అందుకు రెట్టింపు.

ఇప్పుడు చేపను కొలువవలెను. మాటవరుసకు, మనము పట్టదలచిన ఒక కిలో రవ్వచేపను దాని లావైన నడుమున నూలుపోగుతో చుట్టికొలువగా 26 సెంటీమీటర్లు వచ్చినదనుకొందము. వల కన్ను 11 సెంటీమీటర్లైనచో చుట్టుకొలత 22. చేప తల దూఱును, నడుము దూఱదు, మొప్పలవద్ద చిక్కును. అదే జాతి అరకిలో చేపకు నడుము చుట్టుకొలత సుమారు 20½ సెంటీమీటర్లుండును, ఏలయన బరువు సగమైనంతమాత్రాన లావు సగము కాదు, ఐదవవంతు మాత్రమే తగ్గును. ఆ చేప 22 సెంటీమీటర్ల కన్నులోనుండి జాఱిపోవును. నాలుగైదు చేపలను ఇట్లు కొలిచి చూచినచో తమ చెఱువునకు తగిన కన్ను ఎవరికివారే నిర్ణయించుకొనవచ్చును. బొచ్చె లావైన చేప గనుక అదే బరువునకు పెద్దకన్ను, మెరిగ సన్ననిది గనుక కొంచెము చిన్నకన్ను కావలసివచ్చును.

జాఱిపోయిన అరకిలో చేప పోయినది కాదు. చెఱువులో దాచుకొన్న సొమ్ము. మేత యున్న చెఱువులో ఆ చేప మఱికొన్ని నెలలకు కిలో దాటును, ధరయు కిలోకు ఎక్కువ పలుకును. సన్నకన్ను వలతో దానిని లాగినవాడు పాలుపట్టని కంకిని కోసినవాడగును.

జాతిభేదము నిట గమనింపవలెను. బొచ్చె, రవ్వ, మెరిగ నిలువనీటి చెఱువులో గ్రుడ్లు పెట్టవు. వానికి వరదనీటి ప్రవాహము కావలెను. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అను శాస్త్రజ్ఞులు ఇంజెక్షనులతో వీనిచేత గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైన తరువాతనే నేటి విత్తనకేంద్రములు సాధ్యమైనవి. వీనిని చిన్నవిగా పట్టినచో పోవునది ఆ ఏటి ఎదుగుదల. తెలంగాణ రాష్ట్రపు చేపయైన కొఱ్ఱమట్ట అట్లు కాదు. అది చెఱువులోనే పిల్లలను పెట్టి, తల్లిదండ్రులు రెండును వానిని కాచుకొని తిరుగును. ఆ సమయమున పెద్దచేపలను పట్టినచో పిల్లలగుంపంతయు ఇతర చేపలకు ఆహారమగును. దీనిని పట్టినచో పోవునది వంశము.

కృష్ణ వెనుకనీటిలో, సోమశిల వైపు, సన్నకన్ను అలివివలలతో చేపపిల్లలను ఊడ్చివేయుటను గూర్చి స్థానిక మత్స్యకారులు పలుమాఱులు మొఱపెట్టుకొనియున్నారు. దోమతెరవంటి వల ఒకదినమున చేయు నష్టమును పదివలలు ఒక ఏడు పనిచేసి పూడ్చలేవు. ఇతరులను నిందించుటకు ముందు మన చెఱువున అట్టి వల దిగకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

సంఘము చేయవలసినది

వల లేనివాని లెక్క చూతము. మాటవరుసకు బేరగానివద్ద 20,000 రూపాయల బయానాతో వల తెచ్చుకొన్నవాడు, కిలోకు 10 రూపాయలు తక్కువధరకు చేప ఇయ్య నొప్పుకొనెననుకొందము. ఐదునెలలలో 1,500 కిలోలు పట్టినచో ధరలో పోగొట్టుకొన్నది 15,000 రూపాయలు. బయానా 20,000 తీర్పకతప్పదు. అనగా 20,000ల వలకు 35,000 ఇచ్చినట్లయినది. వడ్డీ అను మాట ఎచ్చటను వినబడలేదు గాని వడ్డీ చెల్లినది. వచ్చు ఏడు వల మఱల చినిగినచో కథ మొదటికి వచ్చును.

దీనికి మందు సంఘములోనే యున్నది. అమ్మిన ప్రతి కిలోకు ఒక రూపాయి చొప్పున వలనిధికి తీసినచో, పైలెక్కలో ఒక్క సభ్యునినుండి 1,500 రూపాయలు చేరును. నలువదిమంది గల సంఘమున అది 60,000 అగును. ఆ నిధితో దారము, త్రాళ్లు, బెండ్లు ఒక్కమొత్తముగా కొనవచ్చును. ఒక్కొక్కరు తెచ్చుకొనుదానికన్న ధర తగ్గును, నాణ్యమును చూచుకొనవచ్చును. వల పూర్తిగా పోయినవానికి నిధినుండి బదులిచ్చి, వాయిదాలపై రాబట్టుకొనవచ్చును. వాయిదా చెల్లించుచున్నంతకాలము ఆతడు తన చేపను ఎచ్చటనైనను అమ్ముకొనుటకు స్వతంత్రుడు.

సంఘమున ఒక వలల పుస్తకము ఉండవలెను. అందు ప్రతి వలకు ఒక పుట. కొన్నతేదీ, పొడవు, ఎత్తు, కంటి కొలత, బాగుచేసిన తేదీలు వ్రాయవలెను. మూడేండ్లు ఇట్లు వ్రాసినచో ఏ దారము ఎంతకాలము నిలిచినదో, ఎవరి వల ఏల త్వరగా పాడైనదో తెలియును. కొనుగోలున అంగడివాని మాటపై ఆధారపడవలసిన పనియుండదు. కంటి కొలతను సర్వసభ్యసమావేశమున తీర్మానించి ఆ పుస్తకముననే వ్రాసినచో తగవులకు చోటుండదు.

ఆయకట్టు రైతులకును ఒక మాట. తూములు ఎప్పుడు మూయుదురో, చెఱువులో ఎంత నీరు మిగిల్చుదురో ముందుగా మత్స్యసభ్యులకు తెలిపినచో వారు వేటను దానికి తగినట్లు నడుపుకొందురు. చెప్పకుండ నీరు దింపినచో చేపను అగ్గువకు అమ్ముకొనక తప్పదు.

పనుల క్రమము

మార్గశిరము మొదటి పక్షము: చెఱువులోతు కొలుచుట; వలలు విప్పి కడిగి నీడన ఆఱబెట్టుట; దారపు పరీక్ష.

మార్గశిరము రెండవ పక్షము: చిల్లులు గుర్తించుట, పనికిరాని వలలను వేఱుచేయుట, కావలసిన సామగ్రి పట్టిక సంఘమునకు ఇచ్చుట.

పుష్యము మొదటి పక్షము: సంఘము ద్వారా కొనుగోలు, చిల్లుల అల్లిక, చేపలను కొలిచి కన్ను నిర్ణయించుట.

పుష్యము రెండవ పక్షము: త్రాళ్లు, బెండ్లు, గుండ్లు సరిచేయుట, పుట్టి పూత, పరీక్ష, వలల పుస్తకమున నమోదు.

మాఘము మొదలు: వేట. ప్రతిదినము వేట ముగియగనే వల కడిగి నీడన ఆఱబెట్టి, ఆనాటి చిల్లును ఆనాడే అల్లుట.

జ్యేష్ఠము: మృగశిర వేట ముగిసిన పిదప వలలను శుభ్రపఱచి దూలమున కెక్కించుట. జలాశయములలో చేపలు గ్రుడ్లుపెట్టు వానకాలపు నెలలలో వేట ఆపబడుచుండును. ఆ సమయము యువకులకు అల్లిక నేర్పుటకు అనువైనది.

ఇందు ఏ పనియు గొప్ప విద్య కాదు, పెద్ద ఖర్చును కాదు. కావలసినది వేళకు చేయుట, కలిసి చేయుట. మార్గశిరమాసపు సమావేశమున ప్రతి సంఘమువారును వలనిధిని గూర్చియు, కంటి కొలతను గూర్చియు రెండు తీర్మానములు చేసినచో, మాఘమున కట్టమీదికి వచ్చు బేరగానికి ధర చెప్పువాడు చేప పట్టినవాడే యగును.